నాయకుణ్ణి మారిస్తే ఓట్లు తిరిగొస్తాయా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బ్రిటన్‌ను 14 ఏళ్లు ఏలిన కన్జర్వేటివ్ పార్టీ 2024 జులైలో ఎలా ఓడిపోయిందో గత సంచికలో రాశాం. ఆ వ్యాసం మీద వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిలో ఒకే అనుమానం కనిపించింది. జనంలో పలుచనైపోయిన పాలక పార్టీ నాయకుణ్ణి మార్చుకుంటే మళ్లీ గట్టెక్కగలదా అని. పిల్లలు అక్కడ చదువుకుంటున్న తల్లిదండ్రులు వేరే తరహా ప్రశ్నలు పంపారు. వాటికీ చోటిచ్చాం.

2019 డిసెంబరులో 365 సీట్లు గెలిచిన పార్టీ నాలుగున్నరేళ్లలో 121కి పడిపోయింది. మధ్యలో రెండుసార్లు ప్రధానిని మార్చారు కదా, అయినా ఫలితం ఎందుకు లేకపోయింది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

మాస్టారూ, నాయకుణ్ణి మార్చిన ప్రతిచోటా ముందు చూడాల్సింది జనం కోపం ఎవరి మీద, దేని మీద అన్నది. కోపం మనిషి మీదైతే ఆ మనిషి వెళ్లిపోగానే సగం చల్లారుతుంది. తమ ఇంటి ఖర్చు పెంచిన నిర్ణయం మీదైతే, ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుని, దాని ఫలితం జనం జేబులో కనిపించేదాకా చల్లారదు. అందుకు టైము కావాలి.

బోరిస్ జాన్సన్ మీద కోపం మొదటి రకం. కోవిడ్ ఆంక్షల కాలంలో జనం అయినవాళ్ల అంత్యక్రియలకు కూడా పరిమిత సంఖ్యలోనే వెళ్లాల్సి వచ్చింది. అప్పుడే ప్రధాని కార్యాలయంలో విందులు జరిగాయని బయటపడింది. 2022 ఏప్రిల్‌లో పోలీసులు ఆయనకు జరిమానా వేశారు. జూన్ 6న సొంత ఎంపీలు విశ్వాస పరీక్ష పెట్టారు. 211–148తో బయటపడ్డారు. జూన్ 23న ఒకే రోజు రెండు ఉప ఎన్నికలు ఓడిపోయారు. వేక్‌ఫీల్డ్ ప్రధాన ప్రతిపక్షం లేబర్‌కు పోయింది, టివర్టన్–హోనిటన్ లిబరల్ డెమొక్రాట్లకు పోయింది. ఆ తర్వాత డిప్యూటీ చీఫ్ విప్ మీద వచ్చిన అసభ్య ప్రవర్తన ఆరోపణల గురించి ప్రధానికి ముందే తెలుసా అన్న దగ్గర ఆయన కార్యాలయం మాట మార్చింది. జులై 5న ఆర్థిక మంత్రి రిషి సునాక్, ఆరోగ్య మంత్రి సాజిద్ జావిద్ రాజీనామా చేశారు. వెంట వరసగా పదుల సంఖ్యలో మంత్రులు తప్పుకోవడంతో జులై 7న జాన్సన్ కూడా దిగిపోతానని ప్రకటించారు.

అక్కడిదాకా పార్టీకి దారి మూసుకుపోలేదు. రెండేళ్లకు పైగా సమయం ఉంది, నిజాయితీ గల కొత్త ముఖం చాలు. కానీ తర్వాత వచ్చిన లిజ్ ట్రస్ కోపాన్ని మొదటి రకం నుంచి రెండో రకానికి మార్చేశారు. పన్నులు భారీగా తగ్గిస్తామన్న సెప్టెంబరు 23 నాటి మినీ బడ్జెట్‌తో ఇళ్ల అప్పుల వాయిదాలు ఎగబాకాయి. పదవిలోకి వచ్చిన 44 రోజులకే రాజీనామా ప్రకటించారు.

సునాక్ 2022 అక్టోబరు 25న వచ్చి మార్కెట్లను కుదుటపరిచారు, అది కాదనలేం. కానీ ఆయనా విందుల వ్యవహారంలో జరిమానా కట్టినవారే, జాన్సన్ దగ్గర ఆర్థిక మంత్రిగా చేసినవారే. దాంతో ‘కొత్త’ అనే మాట జనానికి ఎక్కలేదు. 2023 జనవరిలో ఐదు హామీలిచ్చారు. ద్రవ్యోల్బణాన్ని సగానికి తేవడం వాటిలో మొదటిది, అది నెరవేరింది. 2022 అక్టోబరులో 11.1 శాతం ఉన్నది ఏడాదికి 4.6కి దిగింది. అయినా ఓట్లు రాలలేదు. ధరల పెరుగుదల వేగం తగ్గిందంటే ధరలు తగ్గినట్టు కాదు. పెరిగిన చోటే నిలబడ్డాయి. పాలు, రొట్టె కొనేవాళ్లు శాతాలు చూడరు, బిల్లు చూస్తారు. ఆసుపత్రి నిరీక్షణ జాబితా తగ్గిస్తామన్నది మరో హామీ. ఇంగ్లండ్‌లో అది 72 లక్షల దగ్గర మొదలై 75 లక్షలు దాటింది. ఇది మనుషుల సంఖ్య కాదు, చికిత్స కేసుల సంఖ్య. అయినా దాదాపు ప్రతి వీధిలోనూ ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారన్నమాట. ఏటా తూచగలిగే హామీ ఇచ్చి తూకంలో తగ్గడం పాలక పార్టీకి ఇవ్వని హామీ కంటే చేటు.

పదవిలో ఉన్న ప్రధానిని సొంత ఎంపీలు దించే పద్ధతి ఏమిటి? ‘ఉత్తరాలు’ అంటుంటారు, అవి ఎవరికి రాస్తారు? మన దగ్గర ఇలా ఎందుకు జరగదు?
– న్యాయశాస్త్ర విద్యార్థిని, వరంగల్

కన్జర్వేటివ్ ఎంపీలకు ‘1922 కమిటీ’ అనే సంఘం ఉంది. పార్టీ అధికారంలో ఉన్నప్పుడు మంత్రి పదవులు లేని ఎంపీలే దీన్ని నడుపుతారు. నాయకుడి మీద నమ్మకం పోయిన ఎంపీ ఆ కమిటీ ఛైర్మన్‌కు ఉత్తరం ఇస్తారు. 2022లో ఛైర్మన్ సర్ గ్రాహమ్ బ్రేడీ. ఎన్ని ఉత్తరాలు వచ్చాయో ఛైర్మన్‌కు తప్ప ఎవరికీ తెలియదు. మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. అప్పటి నియమం ప్రకారం మొత్తం ఎంపీల్లో 15 శాతం రాస్తే విశ్వాస పరీక్ష పెట్టాలి. 359 మంది ఉన్న 2022లో అది 54 ఉత్తరాలు. సంఖ్య చేరిందంటే ఆలస్యం ఉండదు. జూన్ 6 ఉదయం ప్రకటన వచ్చింది, ఆ సాయంత్రమే ఓటింగు అయిపోయింది. ఓటు రహస్యం, సగం కంటే ఒక్కటి ఎక్కువొస్తే నాయకుడు నిలబడతారు. ఏడాదిదాకా మళ్లీ పరీక్ష పెట్టకూడదు. ఓడితే తర్వాతి పోటీలో నిలబడే హక్కు కూడా పోతుంది.

ఇక్కడ పేపర్లు తరచూ పొరబడే సంగతి ఒకటుంది. పరీక్ష నెగ్గడం అంటే గండం గడిచినట్టు కాదు. మార్గరెట్ థాచర్ 1990 నవంబరులో అప్పటి వేరే నియమాల కింద 204–152తో ముందున్నారు. మొదటి రౌండులోనే గెలవడానికి కావలసిన తేడాకు నాలుగు ఓట్లు తగ్గాయి, రెండు రోజుల్లో తప్పుకున్నారు. థెరెసా మే 2018 డిసెంబరు 12న 200–117తో నెగ్గి, మే నెలలో దిగిపోతానని చెప్పారు. జాన్సన్ నెగ్గిన నెలకే పోయారు. ఓటు ఫలితం కంటే, వ్యతిరేకంగా ఎంతమంది వేశారన్నదే మంత్రుల ధైర్యాన్ని నిర్ణయిస్తుంది. పార్టీలో 40 శాతం మంది వద్దన్నారని తేలాక, తర్వాత ఏ చిన్న తప్పు దొరికినా రాజీనామా పత్రాలు సిద్ధంగా ఉంటాయి.

దించడం ఒక ఎత్తు, ఎన్నుకోవడం మరో ఎత్తు. ఎంపీలు రౌండ్ల వారీగా ఓటేసి ఇద్దరిని మిగులుస్తారు. ఆ ఇద్దరిలో ఒకరిని చందా కట్టే పార్టీ సభ్యులు ఎన్నుకుంటారు. 2022 జులై 20న ఎంపీల చివరి రౌండులో సునాక్‌కు 137, ట్రస్‌కు 113, పెన్నీ మోర్డాంట్‌కు 105 వచ్చాయి. సభ్యుల ఓటింగులో మాత్రం ట్రస్ 81,326, సునాక్ 60,399. అంటే, రోజూ సభలో తన వెనక కూర్చోవాల్సిన ఎంపీల్లో మూడోవంతు మంది కూడా కోరుకోని వ్యక్తి ప్రధాని అయ్యారు. ఆమె అంత త్వరగా పడిపోవడానికి మార్కెట్లు ఎంత కారణమో ఇదీ అంతే కారణం. కష్టకాలంలో నాయకుణ్ణి కాపాడేది ఎంపీలే, సభ్యులు కాదు. అక్టోబరులో అదే తప్పు మళ్లీ జరగకుండా పోటీకి కనీసం 100 మంది ఎంపీల మద్దతు ఉండాలన్నారు. సునాక్ ఒక్కరే మిగిలారు, సభ్యుల ఓటింగు అవసరం పడలేదు.

ఇక మన దగ్గర సంగతి. ఫిరాయింపుల నిరోధక చట్టం, అంటే రాజ్యాంగం పదో షెడ్యూలు, సభలో విప్‌కు వ్యతిరేకంగా వేసే ఓటుకు వర్తిస్తుంది. పార్టీ లోపల నాయకుణ్ణి ఎన్నుకోవడాన్ని ఆ చట్టం అడ్డుకోదు. అసలు అడ్డు టికెట్లు. బ్రిటన్‌లో పార్టీ ఆమోదించిన జాబితాలోంచి అభ్యర్థిని నియోజకవర్గ శాఖ ఎంచుకుంటుంది. స్థానిక కార్యకర్తలు తనవైపు ఉంటే ఎంపీ ప్రధానికి ఎదురు తిరిగినా సీటు నిలుస్తుంది. మన పార్టీల్లో టికెట్టు ఇచ్చే చెయ్యి, నాయకుడి చెయ్యి ఒక్కటే. అందుకే రహస్య ఓటు మన పార్టీ రాజ్యాంగాల్లో రాసుకున్నా ఉపయోగం తక్కువ.

మా అబ్బాయి రెడింగ్‌లో ఇల్లు కొన్నాడు. 2022 మినీ బడ్జెట్ వల్ల ఇంటి వాయిదా పెరిగిందంటాడు. పన్నులు తగ్గిస్తే వాయిదా ఎందుకు పెరగాలి?
– బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

మీ వృత్తిలోని ప్రశ్నే కాబట్టి వివరంగా చెబుతాం. ఆ పార్టీ భవిష్యత్తు తేలిపోయింది కూడా ఇక్కడే.

ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్ ఏటా దాదాపు 4,500 కోట్ల పౌండ్ల మేర పన్నులు తగ్గిస్తామన్నారు. ఆ లోటు పూడ్చే దారి చెప్పలేదు. పైగా ఇళ్ల కరెంటు, గ్యాస్ బిల్లులకు ప్రభుత్వమే హామీగా నిలబడిన ఖర్చు అప్పటికే నెత్తిన ఉంది. బడ్జెట్ లెక్కలను తనిఖీ చేసే స్వతంత్ర సంస్థ అంచనాలు లేకుండానే ప్రకటన వచ్చేసింది. అప్పిచ్చేవాళ్లకు భయం పట్టుకుంది. ప్రభుత్వ బాండ్లు అమ్ముకోవడం మొదలుపెట్టారు. బాండు ధర పడితే దాని మీద రాబడి రేటు పెరుగుతుందని మీకు చెప్పనక్కర్లేదు.

అక్కడితో ఆగినా సరిపోయేది. పింఛను నిధులు చాలా వరకు దీర్ఘకాలిక బాండ్లను హామీగా పెట్టి నడిచే ఒప్పందాల్లో ఉన్నాయి. బాండ్ల ధర పడగానే అదనపు హామీ సొమ్ము కట్టమని ఒత్తిడి వచ్చింది. ఆ సొమ్ము కోసం అవీ బాండ్లే అమ్మాయి. దాంతో ధర ఇంకా పడింది, హామీ ఇంకా అడిగారు. ఈ సుడి ఆపడానికి సెప్టెంబరు 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగి, అక్టోబరు 14 దాకా దాదాపు 1,930 కోట్ల పౌండ్ల బాండ్లు కొనాల్సి వచ్చింది. పౌండు విలువ డాలరుతో 1.03 స్థాయికి, ఎన్నడూ లేనంత కిందికి పడింది. అక్టోబరు 14న క్వార్టెంగ్‌ను తీసేశారు. 17న కొత్త ఆర్థిక మంత్రి జెరెమీ హంట్ దాదాపు అన్నీ రద్దు చేశారు.

ఇంటి అప్పు సంగతికొద్దాం. మన దగ్గర ఫ్లోటింగ్ రేటు పెరిగితే బ్యాంకు తరచూ గడువు పెంచి వాయిదా అలాగే ఉంచుతుంది. అక్కడ రెండేళ్లకో ఐదేళ్లకో రేటు ఖాయం చేసుకుంటారు, గడువు తీరాక ఆనాటి రేటుకు మళ్లీ రాసుకోవాలి. 25 ఏళ్లకు 2 లక్షల పౌండ్ల అప్పు అనుకోండి. 2 శాతం దగ్గర నెల వాయిదా సుమారు 848 పౌండ్లు. 6 శాతం దగ్గర 1,289. నెలకు 440 పౌండ్ల తేడా. రెండేళ్ల ఖాయం రేటు సగటున 2022 అక్టోబరులో 6 శాతం దాటింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. వడ్డీలు అప్పటికే ప్రపంచమంతా పెరుగుతున్నాయి, మినీ బడ్జెట్ ముందురోజే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన రేటును 2.25 శాతానికి పెంచింది. తర్వాత 2023 ఆగస్టు నాటికి అది 5.25కి చేరింది. అంతా ట్రస్ వల్లే కాదు. కానీ ఓటరుకు ఒక తేదీ, ఒక పేరు దొరికాయి. ఇంకా నష్టం చేసింది ఏమిటంటే, బాధ ఒకేసారి రాలేదు. ఖాయం గడువు ఒక్కో కుటుంబానికి ఒక్కో నెలలో తీరుతుంది. కాబట్టి 2023లోనూ, 2024లోనూ ప్రతి నెలా కొత్తగా వేలకొద్దీ ఇళ్లకు పెద్ద వాయిదా నోటీసు వెళుతూనే ఉంది. సునాక్ ఎంత జాగ్రత్తగా నడిపినా ఆ నోటీసులు ఆపలేకపోయారు. సొంత ఇల్లున్న మధ్యతరగతే ఆ పార్టీకి పునాది. దెబ్బ సరిగ్గా అక్కడ తగిలింది.

మధ్యలో నాయకుణ్ణి మార్చి మళ్లీ గెలిచిన పార్టీ ఒక్కటీ లేదా? మన రాష్ట్రంలో ఏం జరిగింది?
– ఎల్ఐసీ ఏజెంటు, అనంతపురం

ఉన్నాయి. బ్రిటన్‌లోనే జాన్ మేజర్. థాచర్ మీద కోపానికి ముఖ్య కారణం పోల్ టాక్స్. సంపదతో సంబంధం లేకుండా పెద్దవాళ్లందరికీ తలకింత అని వేసిన స్థానిక పన్ను అది. 1990 మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో దాని మీద అల్లర్లు జరిగాయి. మేజర్ 1990 నవంబరులో వచ్చారు. 1991 మార్చి బడ్జెట్‌లో వ్యాట్‌ను 15 నుంచి 17.5 శాతానికి పెంచి, ఆ డబ్బుతో పోల్ టాక్స్‌ను తలకు 140 పౌండ్లు తగ్గించారు. ఆ నెలలోనే ఆ పన్నును పూర్తిగా తీసేసి ఇంకోటి తెస్తామని ప్రకటించారు. ఎన్నికలు 1992 ఏప్రిల్ 9న. అంటే కోపం తెప్పించిన పని ఆగిపోయింది, అది బిల్లులో కనిపించింది, కనిపించడానికి ఏడాది పైన దొరికింది. 336 సీట్లతో గెలిచారు. అదే మేజర్ 1992 సెప్టెంబరు 16న, యూరప్ దేశాలు తమ కరెన్సీల విలువను ఒకదానితో ఒకటి కట్టి ఉంచుకున్న మారక వ్యవస్థలోంచి పౌండు బయటపడిన రోజున, ఆర్థిక వ్యవహారాల్లో సమర్థుడన్న పేరు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత నాలుగున్నరేళ్లు టైమున్నా తిరిగి సంపాదించుకోలేదు. 1997లో 165కి పడ్డారు.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ ప్రశ్నకు మంచి పాఠ్యాంశం. 1978–83 మధ్య కాంగ్రెస్ నలుగురు ముఖ్యమంత్రులను చూసింది. మర్రి చెన్నారెడ్డి, టి. అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. మార్పు ప్రతిసారీ ఢిల్లీ నుంచి వచ్చింది. బేగంపేట విమానాశ్రయంలో అంజయ్యకు రాజీవ్ గాంధీ చేతిలో జరిగిన అవమానం, ముఖ్యమంత్రులను మార్చే తీరు కలిసి ‘తెలుగువారి ఆత్మగౌరవం’ అనే నినాదానికి ఊపిరి పోశాయి. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం 1983 జనవరిలో 294లో 200 పైచిలుకు సీట్లు గెలిచింది. ఇక్కడ మార్పే జనం కోపానికి కారణమైంది. 1989–94లో మళ్లీ ముగ్గురు. చెన్నారెడ్డి, నేదురుమల్లి జనార్దనరెడ్డి, కోట్ల. 1994లో కాంగ్రెస్‌కు 26 సీట్లు.

దీనికి ఎదురు ఉదాహరణ 1995. ఆ ఆగస్టులో తెలుగుదేశం ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది ఎన్టీఆర్‌ను వదిలి చంద్రబాబు నాయుడి వైపు చేరారు, సెప్టెంబరు 1న ఆయన ప్రమాణం చేశారు. ఆ పద్ధతి తప్పొప్పుల మీద నేటికీ వాదనలున్నాయి, వాటిలోకి వెళ్లడం లేదు. ఎన్నికల లెక్కలో చూస్తే కొత్త నాయకుడి వెనక ఎమ్మెల్యేలున్నారు, చేతిలో నాలుగేళ్లున్నాయి. 1999లో 180 సీట్లతో పార్టీ తిరిగొచ్చింది. బీజేపీతో పొత్తు, వాజ్‌పేయి మీద ఉన్న సానుభూతి కూడా కలిసొచ్చాయి.

బయటి రాష్ట్రాల్లో రెండు రకాలూ కనిపిస్తాయి. గుజరాత్‌లో 2021 సెప్టెంబరులో బీజేపీ ముఖ్యమంత్రితో పాటు మంత్రివర్గాన్నంతా మార్చి, 2022 డిసెంబరులో 182లో 156 గెలిచింది. అయితే ప్రతిపక్షం ఓటు కాంగ్రెస్, ఆప్ మధ్య చీలింది. పంజాబ్‌లో కాంగ్రెస్ 2021 సెప్టెంబరులో అమరీందర్‌ను మార్చి చన్నీని తెచ్చింది. ఐదు నెలల్లోనే పోలింగు, 18 సీట్లు మిగిలాయి. కర్ణాటకలో 2021 జులైలో యడియూరప్ప స్థానంలో బొమ్మై వచ్చాక బీజేపీ 2023లో 66కి పడింది.

మా అభిప్రాయం అడిగితే, ఏడాది కంటే తక్కువ టైములో చేసిన మార్పు మీద ఆశ పెట్టుకోకూడదు. పై నుంచి రుద్దిన మార్పు మీద అసలే పెట్టుకోకూడదు.

లేబర్‌కు 2024లో వచ్చిన ఓట్లు 33.7 శాతమే. సీట్లు 411. ఇది ఎలా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, కరీంనగర్

మన లోక్‌సభ పద్ధతే అక్కడా. ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లే విజేత. 2019లో లేబర్‌కు 32.1 శాతం ఓట్లకు 202 సీట్లు. 2017లో 40 శాతానికి 262. 2024లో 2019 మీద ఒకటిన్నర శాతం పెరిగితే సీట్లు రెట్టింపయ్యాయి. లేబర్ పెరగడం కంటే కన్జర్వేటివ్ విరగడం అసలు కథ. 43.6 నుంచి 23.7కి. 14.3 శాతం, కన్జర్వేటివ్‌ల కంటే కుడివైపున్న రిఫార్మ్ యూకే పార్టీకి వెళ్లింది, ఆ పార్టీకి దక్కినవి ఐదు సీట్లే అయినా.

దగ్గర నుంచి చూడాలంటే లిజ్ ట్రస్ నియోజకవర్గం సౌత్ వెస్ట్ నార్ఫోక్ తీసుకోండి. 2019లో ఆమె ఆధిక్యం 26,195. 2024లో లేబర్ అభ్యర్థికి 11,847, ఆమెకు 11,217. తేడా 630. రిఫార్మ్ అభ్యర్థికి దాదాపు పదివేలు. స్థానిక కన్జర్వేటివ్ అసంతృప్తి మీద నిలబడ్డ స్వతంత్రుడికి ఆరువేలు దాటాయి. మొత్తం ఓట్లలో పాతిక శాతం పైచిలుకుతోనే లేబర్ గెలిచింది. పాలక పార్టీ ఓటు రెండు మూడు వైపులా చీలితే ఇదే జరుగుతుంది. ప్రతిపక్షానికి కొత్త ఓట్లు అక్కర్లేదు.

సర్వేలను ఎంతవరకు నమ్మాలి? పాలక పార్టీ కోలుకుంటోందో లేదో మామూలు పాఠకుడు ఎలా గుర్తుపట్టాలి?
– గృహిణి, కాకినాడ

అమ్మా, ఏ ఒక్క సర్వేనీ నమ్మొద్దు. వెయ్యిమందిని అడిగితే ఒక్కో పార్టీ అంకె మూడు శాతం అటూ ఇటూ ఊగుతుంది. రెండు పార్టీల తేడా ఇంకా ఎక్కువ ఊగుతుంది. అదే సంస్థ వరసగా మూడు నాలుగు నెలలు ఇచ్చిన అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. 2024లో చివరి సర్వేల సగటు లేబర్‌కు 15 పాయింట్లకు మించి ఆధిక్యం చూపించింది, వచ్చింది 10. దిశ సరైనదే, దూరం తప్పు.

‘ఎవరికి ఓటేస్తారు’ అన్న ప్రశ్న కంటే ‘ఆర్థిక వ్యవహారాలు ఎవరు బాగా చూస్తారు’ అన్నదానికి వచ్చే జవాబు చూడండి. పాలక పార్టీ అక్కడ వెనకబడి, నాయకుడి మీద ఇష్టం కూడా తగ్గి ఉంటే కోలుకోవడం చాలా కష్టం. ఉప ఎన్నికలను వరసగా చూడాలి, ఒక్కటి పట్టుకుని కాదు. 2023 జులైలో అక్స్‌బ్రిడ్జ్‌ను కన్జర్వేటివ్‌లు 495 ఓట్లతో నిలబెట్టుకుని, కోలుకుంటున్నామని నమ్మారు. అక్కడ లండన్ మేయర్ పాత వాహనాల మీద వేస్తున్న రుసుము అనే స్థానిక సమస్య ఉంది. అదే రోజు సెల్బీలో పెద్ద తేడాతో ఓడిపోయారు. అక్టోబరులో మిడ్ బెడ్‌ఫర్డ్‌షైర్, టామ్‌వర్త్, 2024 ఫిబ్రవరిలో వెల్లింగ్‌బరో పోయాయి. చెప్పాల్సిన కథ వెల్లింగ్‌బరో చెప్పింది, అక్స్‌బ్రిడ్జ్ కాదు.

ఇంకో గుర్తు, సిట్టింగ్ ఎంపీలు ఎంతమంది పోటీ నుంచి తప్పుకుంటున్నారన్నది. 2024లో కన్జర్వేటివ్‌లు 70 మందికి పైగా తప్పుకున్నారు. నియోజకవర్గం నాడి వాళ్లకు సర్వేల కంటే ముందే తెలుస్తుంది. పోలింగు ముగిసిన రాత్రి 10 గంటలకు వచ్చే ఎగ్జిట్ పోల్ మాత్రం వేరే జాతి. ఎంచుకున్న పోలింగు కేంద్రాల దగ్గర 20 వేల మందికి పైగా ఓటర్ల చేత నమూనా బ్యాలెట్ మీద మళ్లీ ఓటేయిస్తారు. అది లేబర్‌కు 410, కన్జర్వేటివ్‌కు 131 చెప్పింది.

సునాక్ 2025 జనవరిదాకా ఆగే వీలుంది కదా. జులైలోనే ఎందుకు వెళ్లారు?
– విలేకరి, ఖమ్మం

ఎన్నికల తేదీలపై 2022లో కొత్త చట్టం వచ్చాక తేదీ ఎంచుకునే హక్కు మళ్లీ ప్రధానిది. 2024 మే 22న ద్రవ్యోల్బణం 2.3 శాతానికి దిగిందన్న ప్రకటన వచ్చిన రోజే వానలో నిలబడి ఎన్నికలు చెప్పారు. ఆగితే ఇంకా మంచి వార్త వస్తుందన్న నమ్మకం లేకపోయింది. పన్నులు తగ్గించడానికి ఖజానాలో చోటు తక్కువ. వేసవిలో ఇంగ్లీష్ చానల్ దాటొచ్చే వలసదారుల పడవలు పెరుగుతాయి. వాయిదాల నోటీసులు ఆగవు. ఆలోచన అర్థం చేసుకోదగిందే, అమలు బాగాలేదు. సొంత పార్టీ సిద్ధంగా లేదు, చాలా సీట్లకు హడావిడిగా అభ్యర్థుల్ని వెతికారు. జూన్ 3న నైజెల్ ఫరాజ్ రిఫార్మ్ పగ్గాలు పట్టారు. జూన్ 6న నార్మండీలో డీ–డే (రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రసేనలు ఫ్రాన్స్ తీరంలో దిగిన రోజు) 80 ఏళ్ల సంస్మరణ నుంచి ప్రధాని మధ్యలోనే వచ్చేశారు. మాజీ సైనికులను, వృద్ధులను ఆ ఒక్క పని ఎంత నొప్పించిందో ఆయనా గ్రహించి మర్నాడు క్షమాపణ చెప్పారు.

ఆగి చెడినవాళ్లూ ఉన్నారు. 1978 శరదృతువులో వెళ్లకుండా ఆగిన జేమ్స్ కాలహన్‌కు ఆ చలికాలమంతా సమ్మెలు ఎదురయ్యాయి. 1979 మార్చి 28న ఒక్క ఓటుతో, 311–310తో ప్రభుత్వం పడింది. 2007లో ప్రధాని అయిన గోర్డన్ బ్రౌన్ ఆ అక్టోబరులో ఎన్నికల ఊహాగానాలు పెరగనిచ్చి చివరికి లేవన్నారు. పిరికివాడన్న ముద్ర పడింది, 2010లో 258 సీట్లే వచ్చాయి.

లేబర్ పార్టీలో నాయకుణ్ణి దించడం ఇంతే తేలికా?
– ఇంజనీరు, విశాఖపట్నం

కాదు. అక్కడ రహస్య ఉత్తరాలు లేవు. పోటీ చేసే వ్యక్తి ముందు బయటికి రావాలి, పార్టీ ఎంపీల్లో 20 శాతం ఆ పేరు మీద సంతకాలు పెట్టాలి. 400 మంది ఉంటే 80 సంతకాలు. ఉన్న నాయకుడికి సంతకాలు అక్కర్లేకుండానే బ్యాలెట్‌లో చోటుంటుంది. అంటే ‘ఈయన వద్దు’ అంటే చాలదు, ‘ఈమె కావాలి’ అని ఒకే పేరు మీద ఒప్పందం కుదరాలి. 2024లో ఎన్నికైన పార్లమెంటుకు చివరి ఎన్నికల గడువు 2029 ఆగస్టు.

2024లో మన తెలుగువాళ్లు కూడా పోటీ చేశారని విన్నాం. గెలిచారా?
– పాఠకుడు, సిద్దిపేట

లేదు. లేబర్ తరఫున ఉదయ్ నాగరాజు నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో, కన్జర్వేటివ్ తరఫున చంద్ర కన్నెగంటి స్టోక్ ఆన్ ట్రెంట్ సెంట్రల్‌లో నిలబడ్డారు. మొదటిది లేబర్ గాలిలోనూ కన్జర్వేటివ్‌కు మిగిలిన సీటు. రెండోది 2019లో కన్జర్వేటివ్ గెలిచి, ఆ గాలికి పోగొట్టుకున్న సీటు.

మా అమ్మాయి కోవెంట్రీలో ఎమ్మెస్సీ చదువుతోంది, స్టూడెంట్ వీసా. అక్కడ ఓటుందని స్నేహితులు చెప్పారట. నిజమేనా? ఏం చేయాలి?
– తల్లి, నెల్లూరు

నిజమేనమ్మా. 18 నిండి, చట్టబద్ధంగా వీసా మీద బ్రిటన్‌లో నివసిస్తున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు అక్కడి పార్లమెంటు ఎన్నికల్లోనూ స్థానిక ఎన్నికల్లోనూ ఓటు హక్కుంది. భారత పౌరులు ఆ కోవలోకే వస్తారు.

ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఓటరు నమోదు ఐదు నిమిషాల పని. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు అడుగుతారు. లేకపోతే వేరే గుర్తింపు పత్రాలు తీసుకుంటారు. గడువు పోలింగుకు 12 పనిదినాల ముందు అర్ధరాత్రి. 2024లో జులై 4 పోలింగుకు జూన్ 18తో ముగిసింది. తప్పిపోయేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే తప్పిపోతారు, ఎన్నికలు ప్రకటించాక చూద్దాంలే అనుకుని. అద్దె ఇల్లు మారినప్పుడల్లా మళ్లీ నమోదు చేయాలి. నమోదు చేసుకోమని స్థానిక కౌన్సిల్ పదేపదే ఉత్తరాలు పంపినా పట్టించుకోకపోతే 80 పౌండ్ల జరిమానా పడొచ్చు.

పోలింగు ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా. ఫొటో గుర్తింపు తప్పనిసరి. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది, గడువు తీరినదైనా ఫొటో పోలికలు సరిపోతే ఒప్పుకుంటారు. యూనివర్సిటీ కార్డు, ఆధార్, మన డ్రైవింగ్ లైసెన్సు చెల్లవు. పాస్‌పోర్టు వీసా పనిమీద ఎక్కడైనా ఇచ్చి ఉంటే, ఓటరు గుర్తింపు సర్టిఫికెట్ ఉచితంగా ఇస్తారు. దానికి పోలింగుకు ఆరు పనిదినాల ముందు సాయంత్రం 5లోగా దరఖాస్తు చేయాలి. పోస్టు ద్వారా ఓటేయాలంటే 11 పనిదినాల ముందే అడగాలి. చదువుకునే ఊళ్లోనూ సెలవులకు ఉండే ఊళ్లోనూ రెండు చోట్లా పేరు ఉండొచ్చు గానీ, ఒకే పార్లమెంటు ఎన్నికలో రెండు చోట్లా ఓటేయడం నేరం.

చదువు ముగించి ఇంటికొచ్చేస్తే అక్కడి ఓటు పోతుంది, విదేశాల్లో ఉండి వేసే వెసులుబాటు వాళ్ల పౌరులకే. మన దేశంలో ఓటు సంగతి అంటారా, విదేశంలో ఉన్న భారత పౌరులు ఫారం 6ఏ నింపి పాస్‌పోర్టులోని చిరునామాకు సంబంధించిన నియోజకవర్గంలో పేరు రాయించుకోవచ్చు. కానీ ఓటు వేయాలంటే అసలు పాస్‌పోర్టు పట్టుకుని నెల్లూరు రావాల్సిందే.